పద్దెనిమిదేళ్ల తర్వాత మరదల్ని చూడ్డానికి

హైదరాబాద్‌లో నరసరావుపేట బస్సెక్కితే, మిర్యాలగూడ దాటాక వాడపల్లి దగ్గర కృష్ణ వస్తుంది. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. వంతెనకి ఇటు తెలంగాణ, అటు ఆంధ్ర. చిన్నప్పుడు వేసవి సెలవులకి అమ్మమ్మ వాళ్లూరు వెళ్తుంటే, ఈ వంతెన రాగానే అమ్మ నా చేతిలో రూపాయి బిళ్ల పెట్టి నదిలో వేసి దణ్ణం పెట్టుకోమనేది. మొన్న ఫిబ్రవరిలో అదే వంతెన మీద జేబులు తడుముకున్నా. ఒక్క బిళ్ల లేదు. ఫోన్‌పే తప్ప చిల్లర తెలియని బతుకులు కదా మనవి!

ఈసారి నేను వెళ్తోంది అమ్మమ్మ ఇంటికి కాదు. అమ్మమ్మ పోయి ఏడేళ్లయింది. నా మరదల్ని చూడ్డానికి వెళ్తున్నా. పద్దెనిమిదేళ్ల తర్వాత.

ఆమె పేరు రాయను. ఆమె ఉండే ఊరి పేరూ, హోమ్ పేరూ కూడా రాయను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

జనవరిలో ఒక ఆదివారం అమ్మ ఫోన్ మోగింది. తెలియని నంబరు. "అత్తా, నేను" అని అటువైపు పేరు చెప్పగానే అమ్మ మంచం మీద కూర్చుండిపోయింది. ఆ పిల్ల బాగోగులు చెప్పడానికీ, దెప్పడానికీ చెయ్యలేదు. పని మీద చేసింది. "మన ఊరి పిల్లాడొకడున్నాడు అత్తా. ఎనిమిదేళ్లు. అమ్మానాన్నా ఇద్దరూ పోయారు. అవ్వ దగ్గరుంటున్నాడు. ఆవిడ వాణ్ని తెచ్చి మా హోమ్‌లో వదిలేస్తానంటోంది. నువ్వు ఆవిడకి తెలుసు. నువ్వొచ్చి చెప్తే వింటుందేమో. వాడు ఇంటి దగ్గరే ఉంటే బాగుంటుంది."

అమ్మ "మోకాళ్లు బాలేవమ్మా" అంది. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు నాతో "నువ్వెళ్లి చూసి రారా" అంది.

ఎర్ర చుక్క గ్లాసు

దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీలు. ఈ రోడ్డు మీద బస్సుల కంటే లారీలే ఎక్కువ. మా చిన్న మామయ్య ఈ రోడ్డు మీదే లారీ తోలేవాడు. సున్నం, సిమెంటు, మిరపకాయలు, ఏది దొరికితే అది. ఇంటికొస్తే ఆయన చొక్కాకి ఎప్పుడూ డీజిల్ వాసన. నన్ను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టనిచ్చేవాడు.

మామయ్య 2006లో పోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. "టీబీ" అన్నారు. టీబీ నిజమే, కానీ దాని వెనక ఉన్న రెండో పేరు పెద్దవాళ్లు తలుపులేసుకుని మాట్లాడుకునేవాళ్లు. 2008లో అత్తయ్య కూడా పోయింది. ఏడేళ్ల పిల్లని తీసుకొచ్చి అమ్మమ్మ ఇంట్లో దించారు. పిల్లకి కూడా ఉందని అప్పటికే పరీక్షలో తేలింది.

ఆ వేసవి నేను అక్కడే ఉన్నా. నాకు బాగా గుర్తున్నది ఒక స్టీలు గ్లాసు. దాని అడుగున మా అమ్మ ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టింది. "ఆ చుక్కున్న గ్లాసు ముట్టుకోకు" అని నాకు చెప్పింది. కంచం కూడా వేరే. వసారాలో చాప కూడా వేరే. నేను బావినంటూ నా వెనకే తిరిగేది ఆ పిల్ల. నేనేమో పరిగెత్తి పారిపోయేవాణ్ని. అదొక ఆట అనుకునేది తను.

నాలుగు నెలల తర్వాత ఆ పిల్ల కనిపించలేదు. "హాస్టల్లో వేశాం" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు. నేను ఇంటర్ చదివా, ఇంజినీరింగ్ చదివా, గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరా. హెచ్ఐవీ కంచాల వల్లా, గ్లాసుల వల్లా, దోమల వల్లా, పక్కన పడుకోవడం వల్లా రాదని బడి పుస్తకంలోనే చదివి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. ఆ జవాబుకీ ఆ గ్లాసుకీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో!

హోమ్‌లో సాయంత్రం ఎనిమిది

నరసరావుపేటలో దిగేసరికి ఒంటిగంట. అక్కణ్నుంచి ఆటోలో అరగంట. దారి పొడవునా మిరప కళ్లాలు. నేలంతా ఎర్ర దుప్పటి పరిచినట్టు కాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి నేను తుమ్ముతుంటే ఆటో అతను నవ్వాడు. దూరంగా కోటప్పకొండ. శివరాత్రికి ఇంకా పది రోజులుంది, ఊళ్లలో ప్రభలు కట్టే పని మొదలైపోయింది.

హోమ్ గేటు దగ్గర చుడిదార్ వేసుకున్న ఒకమ్మాయి నిలబడి ఉంది. మామయ్య ముక్కు, మామయ్య నుదురు. "రండి బావా. ప్రయాణం బాగా జరిగిందా?" అంది. 'మీరు' అంది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి 'నువ్వు'లోకి దిగింది. నాకది పెద్ద బరువు దించినట్టనిపించింది.

మంచినీళ్లిచ్చింది. స్టీలు గ్లాసు. తాగి కింద పెట్టబోతూ అడుగున చూశా. ఎర్ర నెయిల్ పాలిష్‌తో 14 అని అంకె. నా మొహం ఎలా మారిందో గానీ తను పగలబడి నవ్వింది. "అందరివీ ఉన్నాయి బావా, ఒకళ్లవి ఒకళ్లకి కలిసిపోకుండా. హాస్టల్ కదా! పధ్నాలుగు నాది." తనకి గుర్తుందో లేదో నేనడగలేదు. గుర్తుందని నవ్వులోనే తెలిసింది.

తను అక్కడే పెరిగింది, డిగ్రీ చదివింది, సోషల్ వర్క్‌లో పీజీ చేసింది. ఇప్పుడు అక్కడే ఉద్యోగం. పిల్లలంతా 'అక్కా' అంటారు. ఉన్నది ముప్పై మంది లోపే. నేను వెళ్తూ దార్లో ఊహించుకున్నది వేరు: మంచాల మీద నీరసంగా పడుకున్న పసివాళ్లు, విషాదం, నిశ్శబ్దం. అక్కడ చూస్తే వెదురు బద్దలు, రంగు కాగితాలు ముందేసుకుని శివరాత్రికి బుల్లి ప్రభ కడుతున్నారు. పైన దేవుడి బొమ్మ పెట్టాలా, సినిమా హీరో బొమ్మ పెట్టాలా అని రెండు పార్టీలుగా విడిపోయి కొట్టుకుంటున్నారు.

"ఒకప్పుడు నువ్వనుకున్నట్టే ఉండేది" అంది తను. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. పిల్లలకంటూ ప్రత్యేకంగా మందుల కార్యక్రమం వచ్చింది 2006 నవంబరు చివర్లో. "నాన్న అప్పటికే పోయాడు. అమ్మకి ఆలస్యమైపోయింది. నేను సరిగ్గా టైముకొచ్చా." తను చిన్నప్పుడు పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి రెండు పూటలా వేసుకునేది. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్క పూటే. డోలుటెగ్రవిర్ ఉన్న మందులొచ్చాక పని సులువైంది. చిన్నపిల్లలకి నీళ్లలో కరిగే బిళ్లలు కూడా ఉన్నాయి.

పైగా, కొత్తగా వచ్చే పసిపిల్లలు తగ్గారు. గర్భిణికి ముందే పరీక్ష చేసి మందులిస్తే బిడ్డకి సోకే అవకాశం అయిదు శాతం లోపుకి పడిపోతుంది. ఏమీ చెయ్యకపోతే అది 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అందుకే ఇలాంటి చోట ఇప్పుడు పెద్ద పిల్లలే ఎక్కువ. వాళ్ల చింతలు వేరు. పద్దెనిమిది నిండితే చట్టప్రకారం పిల్లల హోమ్‌లో ఉండకూడదు. ఆ తర్వాత ఇరవై ఒకటి దాకా చేయూత ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది. కానీ బయట కాలేజీ హాస్టల్లో పదిమంది మధ్య రోజూ మందు వేసుకోవడం ఎలా?

దానికి పిల్లలు కనిపెట్టిన ఉపాయాలు విన్నాను. డబ్బా మీద లేబుల్ చింపేస్తారు. విటమిన్ డబ్బాలోకి మార్చేస్తారు. బ్యాగులో బిళ్లలు గలగలమంటే పక్కవాళ్లు అడుగుతారని డబ్బాలో దూది కుక్కుతారు. డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడొకడు సెలవుకి వచ్చాడు. "అన్నా, దూది కొనడానికి మెడికల్ షాపుకి వెళ్తే, దేనికి అని అడిగాడు. ప్రాజెక్టు వర్క్‌కి అని చెప్పా" అని నవ్వాడు.

నాలో ఇంజినీరు ఊరుకుంటాడా? "నేనొక యాప్ చేసిస్తా. రోజూ టైముకి అలారం, వేసుకున్నాక టిక్ పెడితే నీకు మెసేజ్ వస్తుంది" అన్నాను. తను ఓపిగ్గా వింది. "చిన్నోళ్లకి ఫోన్లు లేవు బావా. పెద్దోళ్ల ఫోను రోజూ ఒకే టైముకి మోగితే రూమ్మేట్ అడుగుతాడు, ఏంట్రా ఇదని. ఎనిమిదింటికి నేను డబ్బా పట్టుకొస్తా కదా, అదే అలారం" అంది.

నిజంగానే ఎనిమిదింటికి తను డబ్బాల ట్రే పట్టుకొచ్చింది. పిల్లలు వరసలో వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో బిళ్ల, ఒక గుక్క నీళ్లు, నోరు తెరిచి చూపించడం. అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఎవరూ ఏడవలేదు, ఎవరికీ సానుభూతి వాక్యాలు లేవు. ఒక పిల్ల నోరు తెరిచి చూపిస్తూనే, "అక్కా, వీడు నా జిగురు బాటిల్ తీశాడు" అని ఫిర్యాదు కూడా చేసేసింది. ఇలా రోజూ, ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజులు. ఈ అయిదు నిమిషాలు తప్పితే వైరస్ మళ్లీ తలెత్తుతుంది. పదే పదే తప్పితే మందుకి లొంగకుండా పోతుంది.

గుంటూరులో ఎదురుచూపు

మర్నాడు శుక్రవారం, పదో తరగతి చదివే ఒకమ్మాయిని తీసుకుని గుంటూరు పెద్దాసుపత్రి ఏఆర్‌టీ సెంటరుకి బయల్దేరాం. ఆ పిల్లకి ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ పరీక్ష. మా ఊరి పిల్లాడు కూడా వాళ్లవ్వతో నేరుగా అక్కడికే రావాలి. వాడికి ఆ రోజే మందుల తేదీ.

ఫిరంగిపురం మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సు. ఒకవైపు కొండవీడు కొండలు. టెన్త్ పిల్ల దారంతా సోషల్ పుస్తకం చదువుతూనే ఉంది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం. వాళ్లిద్దరికీ జీరో టికెట్లు, నాకొక్కడికే డబ్బులు. "ఈ పథకం వచ్చాక మాకు చాలా నయం. ఛార్జీ లేక తేదీ తప్పిపోయే అవ్వలు ఉండేవాళ్లు" అంది మరదలు.

సెంటర్ దగ్గర అందరూ తలలు దించుకుని కూర్చుంటారనుకున్నా. కొందరు అలాగే ఉన్నారు, మొహానికి చున్నీ చుట్టుకుని. మిగతావాళ్లు మామూలుగా మిరప రేట్ల గురించి, పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. అక్కడ పని ఒక వరసలో జరుగుతుంది. కార్డు చూపించాలి, బరువు చూస్తారు. పోయిన నెల ఇచ్చిన డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు. కౌన్సెలర్ మాట్లాడతారు, డాక్టర్ చూస్తారు, మందులిస్తారు. నిలకడగా వాడేవాళ్లకి మూడు నెలలకి సరిపడా ఒకేసారి ఇస్తారు. కొత్తవాళ్లు మాత్రం నెలనెలా రావాలి.

బిళ్లల లెక్క నాకు నచ్చింది. ముప్పై ఇస్తే, ఇరవై ఎనిమిది రోజులకి వస్తే రెండు మిగలాలి. ఆరు మిగిలితే నాలుగు పూటలు తప్పినట్టే. తిడితే మరుసటి నెల ఆ నాలుగూ చెత్తబుట్టలో పడేసి వస్తారు. అందుకే తిట్టరు. "ఏ రోజు కుదర్లేదమ్మా?" అని అడుగుతారు.

టెన్త్ పిల్ల రక్తం ఇచ్చి బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. "అన్నా, మీరు సాఫ్ట్‌వేరా? ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలంటే లెక్కలు బాగా రావాలా?" అని అడిగింది. పోయినేడు పరీక్షలో వైరస్ లెక్కకి అందనంత తక్కువొచ్చిందట. అలా నిలబడ్డ పెద్దవాళ్ల నుంచి శృంగార సంబంధంలో కూడా ఇంకొకరికి సోకదని ఇప్పుడు రుజువైన సంగతి. పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. ఈ ఒక్క వాక్యం మా అమ్మమ్మకి తెలిసుంటే అనుకున్నా. తెలిస్తే మాత్రం ఆ గ్లాసు మీద చుక్క చెరిపేదా? ఏమో!

పన్నెండయింది. ఒంటిగంటయింది. మా ఊరి పిల్లాడు రాలేదు. మరదలు అవ్వ పక్కింటి వాళ్లకి ఫోన్ చేసింది. అవ్వ మిరప కోతకెళ్లిందట. తెల్లారితే కూలికి పోవాలి. కోతల రోజులు ఏడాదిలో కొద్దిగానే ఉంటాయి. ఒక రోజు ఆసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోయినట్టే. బస్సు ఫ్రీ అయింది గానీ, రోజు ఫ్రీ కాదు కదా.

"వాడి దగ్గర ఇంకెన్ని బిళ్లలున్నాయో" అంది మరదలు. రెండు రోజుల్లో మొదటిసారి తన మొహంలో కంగారు చూశాను.

"మీరుంచుకున్నారా?"

శనివారం పొద్దున మా అమ్మమ్మ వాళ్లూరు వెళ్లాం. పిడుగురాళ్లలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. అమ్మమ్మ ఇల్లు అమ్మేశారు, అక్కడిప్పుడు డాబా ఉంది. మరదలు ఆ డాబా వైపు ఒకసారి చూసి, "వేపచెట్టు కొట్టేశారు" అంది. అంతే.

అవ్వ ఇల్లు ఊరి చివర. రేకుల గది, ముందు పందిరి. కోత నుంచి భోజనానికి వచ్చి ఉంది. చేతులు మిరప ఘాటుకి మండుతున్నాయని కొబ్బరినూనె రాసుకుంటోంది. పిల్లాడు పందిరి కింద టైరు దొర్లించుకుంటున్నాడు. బక్కగా, పెద్ద కళ్లతో. మరదల్ని చూడగానే పరిగెత్తుకొచ్చి బ్యాగు జిప్పు లాగాడు, బిస్కెట్ల కోసం.

తను ముందు మందుల డబ్బా అడిగింది. అవ్వ చూరులోంచి తీసిచ్చింది. లోపల నాలుగు. సోమవారం దాకా సరిపోతాయి. తను ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు అవ్వ మొదలుపెట్టింది. ఆవిడ చెప్పినవన్నీ నిజాలే. కొడుకూ కోడలూ ఇద్దరూ పోయారు. తనకి అరవై దాటాయి, ఇంకెన్నాళ్లు కూలికెళ్లగలదు? ఊళ్లో సంగతి పొక్కింది. బళ్లో వాణ్ని తలుపు పక్కన విడిగా కూర్చోబెడుతున్నారు. మిగతా తల్లులు గొడవ చేశారట. "మీ దగ్గరైతే అందరూ వాడిలాంటోళ్లే. ఎవరూ ఏమీ అనరు. తీసుకుపో తల్లీ" అంది.

మరదలు చెప్పాల్సినవి చెప్పింది. అమ్మానాన్నల్లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకి మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, బాలల సంక్షేమ కమిటీ ద్వారా వస్తుంది, దరఖాస్తు తనే పెట్టిస్తుంది. బడికి తనొచ్చి మాట్లాడుతుంది. 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందని బళ్లో వివక్ష చూపడాన్ని అది నిషేధిస్తుంది. "కానీ నేను ముందు చట్టం తియ్యను అవ్వా. టీచర్లతో కూర్చుని మాట్లాడతా. వినకపోతే అప్పుడు తీస్తా."

అవ్వ ఇదంతా విని నా వైపు తిరిగింది. అమ్మ పేరు చెప్పి, ఆవిడ కొడుకునని మరదలు పరిచయం చేసింది కదా.

"మీ అమ్మ చెప్పి పంపిందా నాయనా, వాణ్ని ఉంచుకోమని?"

"అవునవ్వా."

"మరి ఈ పిల్లని మీరుంచుకున్నారా?"

పందిరి కింద ఎవరూ మాట్లాడలేదు. మరదలు బిస్కెట్ ప్యాకెట్ విప్పుతూ తలెత్తలేదు. ఉద్యోగంలో నేను రోజూ మీటింగుల్లో ఎన్నో ప్రశ్నలకి జవాబులు చెప్తుంటాను. తెలియకపోతే "చూసి చెప్తా" అంటాను. ఇక్కడ చూసి చెప్పేదేముంది?

"ఉంచుకోలేదవ్వా" అన్నాను. "నాలుగు నెలలుంచి పంపేశారు. కంచం వేరే పెట్టారు, గ్లాసు వేరే పెట్టారు. నేను కూడా ఈ పిల్లతో ఆడుకోలేదు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా వెళ్లి చూడలేదు. మా అమ్మ ఇక్కడికి రాలేక నన్ను పంపింది. సిగ్గేసి."

అవ్వ కాసేపు నూనె చేతులు రుద్దుకుంది. తర్వాత మరదల్ని అడిగింది. "నీకెలా ఉండేది తల్లీ అక్కడ?"

"బాగానే చూశారవ్వా. అన్నం పెట్టారు, చదివించారు. కానీ ఆదివారాలు గేటు దగ్గర కూర్చునేదాన్ని. ఎవరి కోసమో వాళ్లొస్తారు కదా. నాక్కూడా వస్తారేమోనని. పదో తరగతి దాకా కూర్చున్నా."

ఈ మాట తను ఏడుస్తూ అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. నేను లేచి పందిరి అవతలికి వెళ్లిపోయా. పిల్లాడు టైరు తీసుకుని నా వెనకే వచ్చాడు. ఇద్దరం కాసేపు దొర్లించాం. వాడే గెలిచాడు.

అవ్వ 'సరే' అని ఒప్పేసుకుందని రాస్తే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. "మిరప కోతలయ్యేదాకా చూస్తా. తర్వాత సంగతి తర్వాత" అంది. మరదలికి అదే చాలు. "ఒక్కో నెలా ఒక్కో నెలా గడిస్తే అదే ఏళ్లవుతుంది బావా" అంది ఆటోలో.

సోమవారం సెలవు పెట్టేశాను. అవ్వా, పిల్లాడూ, నేనూ, మరదలూ కలిసి సత్తెనపల్లి మీదుగా గుంటూరు వెళ్లాం. వాడికి కిటికీ పక్క సీటు, అరటిక్కెట్టు. తనకేముందో వాడికింకా పూర్తిగా తెలియదు. ఒంట్లో సైనికులున్నారనీ, శత్రువు నిద్రలో ఉన్నాడనీ, బిళ్ల వేసుకుంటేనే వాడు లేవడనీ మరదలు కొంచెం కొంచెంగా చెప్తోంది. వయసుకి తగ్గట్టు మెల్లగా చెప్పడమే పద్ధతట. "శత్రువు గురక పెడతాడా?" అని నన్నడిగాడు. పెడతాడన్నాను.

సాయం చెయ్యాలనుకుంటే

తిరిగొచ్చాక ఆఫీసులో చెప్తే, ఫ్రెండ్స్ వెంటనే "మన టీమంతా ఒక వీకెండ్ వెళ్దాం, కేక్ కట్ చేద్దాం" అన్నారు. మంచి మనసే. కానీ మరదలు నాకు చెప్పిన మాటలు వాళ్లకీ చెప్పాను, మీకూ చెప్తున్నాను.

పిల్లలతో ఫొటోలు వద్దు. మీ స్టేటస్‌లో ఒక మొహం కనబడితే, ఆ పిల్ల కాలేజీలో సంగతి బయటపడిపోతుంది. ఎవరికి హెచ్ఐవీ ఉందో వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని చట్టం కూడా ఒప్పుకోదు. పుట్టినరోజు కేకులు ఏడాదిలో చాలానే వస్తాయి. రానిది నెలనెలా వచ్చే మనిషి. టెన్త్ పిల్లలకి వారానికోసారి లెక్కలు చెప్పేవాళ్లు, అవ్వకి ఒక రోజు కూలి ఇచ్చి మందుల తేదీ తప్పకుండా చూసేవాళ్లు, ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడికి రెజ్యూమె సరిచేసి ఇచ్చేవాళ్లు కావాలి. మొదలుపెట్టి మధ్యలో మానేసేవాళ్లయితే అసలు మొదలుపెట్టవద్దంది. "గేటు దగ్గర కూర్చునేవాళ్లు ఇంకా ఉన్నారు బావా."

మీ ఊళ్లో ఇలాంటి పిల్లలెవరైనా ఉంటే 1098కి ఫోన్ చెయ్యొచ్చు, అది పిల్లల హెల్ప్‌లైన్. హెచ్ఐవీ గురించి సందేహాలుంటే 1097 ఉంది. రెండూ ఉచితమే. అదే చట్టంలో ఇంకో సంగతి కూడా ఉంది. తల్లిదండ్రులు చూసుకోలేని స్థితిలో ఇంటి బాధ్యత మోస్తున్న పిల్లలకి పన్నెండేళ్లు నిండి, అర్థం చేసుకునే శక్తి ఉంటే, తమ్ముడికో చెల్లికో వాళ్లే సంరక్షకులుగా సంతకం పెట్టొచ్చు. బడిలో చేర్పించడానికి, వైద్యానికి, బ్యాంకు ఖాతాకి. మొదట చదివినప్పుడు మంచి చట్టం అనుకున్నా. తర్వాత ఆలోచిస్తే, పన్నెండేళ్ల పిల్ల సంతకం పెట్టాల్సిన ఇల్లంటే, చుట్టూ ఉన్న అత్తలూ మామయ్యలూ బాబాయిలూ ఎటుపోయినట్టు అనిపించింది. మేం ఎటుపోయామో నాకు తెలుసు.

మంగళవారం తెల్లవారుజామున ఇంటికొచ్చాను. అమ్మ మేలుకునే ఉంది. అన్నీ చెప్పాను. అవ్వ అడిగిన మాట కూడా దాచలేదు. గేటు సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి, అది కూడా చెప్పేశాను. అమ్మ ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించి, పాలు పెట్టకుండా అలాగే నిలబడింది.

రెండు వారాల తర్వాత, నేను ల్యాప్‌టాప్‌లో పనిచేసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"పిల్లాడికి మళ్లీ తేదీ ఎప్పుడన్నావు?"

"మార్చి 9. సోమవారం."

"దానికి ఆవకాయ ఇష్టమేనా ఇంకా?"

తెలియదన్నాను. నిజంగా తెలియదు. అమ్మ లేచి వెళ్లి జాడీ దించుతున్న చప్పుడు వినబడింది. నేను మార్చి 8కి రెండు టికెట్లు బుక్ చేశాను. వాడపల్లి వంతెన కోసం పది రూపాయల చిల్లర కూడా తెచ్చి పెట్టుకున్నా.